పాటల మీద రాస్తే ఎవరు చదువుతారు?

సంగీతం మీద ఇష్టంతో, ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళు కూర్చుని పాటల గురించి రాసేవాళ్ళం చాలామందిమే ఉన్నాం. మాలో ఎక్కువమంది అనే మాట ఒకటుంది. "నా తృప్తి కోసం రాసుకుంటున్నాను. ఎవరైనా చదివితే సంతోషం, చదవకపోయినా పర్లేదు." ఈ మాటతో నేను ఏకీభవించను. తృప్తి కోసమే అయితే డైరీలో రాసుకోవచ్చు. నలుగురికీ కనిపించే చోట రాశామంటే నలుగురూ చదవాలనే. అలా కోరుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పాటల విషయంలో అయితే ఎక్కువమంది చదవడం అవసరం కూడా.

మన సంగీతానికి సంబంధించిన సమాచారంలో పెద్ద భాగం పుస్తకాల్లో లేదు, మనుషుల దగ్గర ఉంది. రేడియోలో ఫలానా లలితగీతం పాడింది ఎవరు, ఫలానా నాటక సమాజంలో హార్మోనియం వాయించింది ఎవరు, మద్రాసు రికార్డింగ్ థియేటర్లో ఆ పాటకు వీణ పట్టుకుని కూర్చున్నది ఎవరు, ఇవన్నీ తెలిసినవాళ్ళు ఎక్కడో ఒక ఊళ్ళో, ఒక ఇంట్లో ఉంటారు. వాళ్ళలో చాలామందికి డెబ్భై, ఎనభై దాటాయి. మన రాత వాళ్ళ దాకా, లేదా వాళ్ళ పిల్లల దాకా చేరితేనే ఆ వివరం బయటికి వస్తుంది. పదిమంది చదివేచోట అలాంటి మనిషి తగిలే అవకాశం తక్కువ. వెయ్యిమంది చదివితే ఎక్కువ. అందుకే చదివేవాళ్ళు పెరగాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అయితే చదివేవాళ్ళ కోసం మనం సాధారణంగా చేసే పనులు నాకు నచ్చవు. పొద్దున్నే పాతిక వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెట్టడం, "ఈ పాట వెనక ఉన్న కన్నీటి కథ తెలిస్తే షాకవుతారు" లాంటి శీర్షికలు పెట్టడం, పాట గురించి చెప్పకుండా పాడినవారి ఇంటి సంగతులు చెప్పడం. అలా వచ్చినవాళ్ళు ఒక్క నిమిషం ఉండి వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. వాళ్ళు పాట కోసం రాలేదు కదా.

మరి పాట కోసం వచ్చేవాళ్ళు ఎలా వస్తారు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకున్నాకే నా రాత మారింది. వాళ్ళు మన పేరు వెతుక్కుంటూ రారు. "పాత తెలుగు పాటల విశ్లేషణ" అని టైప్ చేసి కూడా రారు. బస్సులో వెళ్తుంటేనో, వంట చేస్తుంటేనో ఒక లైను గుర్తొస్తుంది. సగమే గుర్తొస్తుంది. తరవాతి మాట ఏమిటో తెలియదు. సినిమా పేరు తెలియదు. ఆ సగం లైనునే ఫోన్‌లో కొడతారు, అదీ చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక్కోసారి లైను మొదట్నించి కాకుండా చరణం మధ్యలో నుంచి గుర్తొస్తుంది. తప్పుగా గుర్తొస్తుంది కూడా. ఆ మనిషికి మనం దొరకాలి. అంతే.

దీనికి చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. వ్యాసానికి "అమృతధార", "స్వరఝరి" లాంటి పేర్లు పెట్టడం మానేసి, పాట మొదటి మాటలే శీర్షికలో పెట్టాలి. సినిమా, సంవత్సరం, పాడినవారు, రాసినవారు, బాణీ కట్టినవారు, ఈ అయిదూ మొదటి పేరాలోనే రావాలి. పాట మొదటి లైను ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒకచోట ఉండాలి. సాహిత్యాన్ని బొమ్మగా పెట్టకూడదు. గులాబీ పువ్వుల బ్యాక్‌గ్రౌండ్ మీద రంగుల అక్షరాలతో పాట రాసి తిప్పే అలవాటు మనవాళ్ళకు ఉంది. ఆ బొమ్మలోంచి ఒక మాటను కాపీ చేసుకోలేరు, వెతికితే చాలాసార్లు దొరకదు, చూపు లేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. సంగీతం వినేవాళ్ళలో చూపు లేనివారు ఎంతమంది ఉన్నారో మనం తలుచుకోం.

ఇదంతా తలుపు తెరిచి పెట్టడం మాత్రమే. లోపలికి వచ్చాక ఏం దొరుకుతుందన్నదే అసలు సంగతి.

నా అభిప్రాయంలో పాట మీద రాసేవారికి ఒక్కటే పని. చదివేవారిని మళ్ళీ పాట దగ్గరికి పంపాలి, ఈసారి ఇంతకు ముందు వినని ఒక చోటు చూపించి పంపాలి. "అద్భుతం", "మధురం", "అజరామరం" అన్నంత మాత్రాన ఎవరూ కొత్తగా ఏమీ వినరు. ఆ మాటలు ఏ పాటకైనా అతుకుతాయి. "రెండో చరణానికి ముందు వచ్చే వయొలిన్ బిట్ ఆగీ ఆగకముందే గాయని ఎత్తుకుంటుంది, మొదటి చరణానికి అలా ఎత్తుకోలేదు" అని రాయండి. చదివినవాళ్ళు ఆ క్షణమే పాట పెట్టుకుంటారు. విన్నాక ఇంకొకరికి వినిపిస్తారు. ఆ ఇంకొకరు మీ రాత చదువుతారు. నాకు తెలిసి చదివేవాళ్ళు నిలకడగా పెరిగే దారి ఇదే.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. వీడియో లింకు పెట్టి "రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర వినండి" అంటే కొన్నాళ్ళకు ఆ వీడియో ఉండదు. ఎవరో ఎక్కించింది ఎవరో తీసేస్తారు. పైగా ఒకే పాటకు వేరువేరు నిడివులు ఉంటాయి. డెబ్భై ఎనిమిది ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులో పదంగుళాల ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త ఎక్కువగా మాత్రమే పట్టేది. అందుకని సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండకపోవచ్చు, ఆలాపన తగ్గిపోవచ్చు, పెద్ద పాటైతే రెండు వైపులకూ పంచి ఉండవచ్చు. సెకన్లు చెప్పినా, పాటలో ఏ మాట దగ్గరో కూడా చెప్పాలి. మాట ఎక్కడికీ పోదు.

ఇప్పుడు ఒక పాట తీసుకుని చెబుతాను. త్యాగరాజస్వామి "నగుమోము గనలేని", ఆభేరి రాగం. దీని మీద ఇంటర్నెట్‌లో కావలసినంత రాత ఉంది. అయినా ఒక తెలుగువాడు కొత్తగా రాయగలిగింది ఇంకా మిగిలి ఉందని నేనంటాను.

కర్ణాటక సంగీతాన్ని పాడేవాళ్ళలో, వినేవాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. చెన్నైలో, బెంగళూరులో, త్రివేండ్రంలో కచేరీలు జరుగుతాయి. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఉత్సవం జరుగుతోంది. అక్కడ పాటల పోటీలకు తయారయ్యే పిల్లల నోటుపుస్తకాల్లో సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లోనో, తమిళ అక్షరాల్లోనో ఉంటుంది. వాళ్ళ అమ్మానాన్నలు తెలుగువాళ్ళే అయినా, పిల్లలకు ఇంట్లో మాట్లాడే తెలుగు తప్ప త్యాగరాజు తెలుగు అర్థం కాదు. వాళ్ళు ఈ పాటకు అర్థం వెతుకుతారు. వాళ్ళకు దొరికేది ఎక్కువగా "రామా, నన్ను కాపాడు" అన్న రెండు ముక్కల తాత్పర్యం.

చరణం చూడండి. "ఖగరాజు నీ యానతి విని వేగ చనలేడో, గగనానికిలకు బహు దూరంబనినాడో." దేవుడు రాలేదు. భక్తుడు తనలో తాను కారణాలు వెతుక్కుంటున్నాడు. గరుత్మంతుడు నీ ఆజ్ఞ విని వెంటనే బయలుదేరలేదేమో. లేదంటే ఆకాశం నుంచి భూమికి చాలా దూరం అన్నాడేమో. అనుపల్లవిలో కూడా ఇదే ధోరణి. నీ చుట్టూ ఉన్నవాళ్ళు నీకు మంచి చెప్పేవాళ్ళు కారా, అలా ఊరుకుంటారా అని అడుగుతాడు. ఎదురుచూసి ఎదురుచూసి, రావాల్సినవారి మీద నింద వేయడం ఇష్టంలేక, తీసుకొచ్చేవాళ్ళ మీదా చుట్టూ ఉన్నవాళ్ళ మీదా నెపం వేసే మనసు అది. రైలు లేటయిందేమో, ఆఫీసులో పని పడిందేమో అని మనం అనుకున్నట్టే. ఇది తెలిశాక "జగమేలే పరమాత్మ, ఎవరితో మొరలిడుదు" అన్న లైను దగ్గర గాయకులు నెరవల్ (అదే లైనును రకరకాలుగా మళ్ళీ మళ్ళీ పాడటం) ఎందుకు చేస్తారో వివరించనక్కర్లేదు. కారణాలన్నీ అయిపోయాయి. ఇక మొర తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంకొకటి. నగుమోము, నగరాజధర, ఖగరాజు, గగనానికి, జగమేలే, వగచూపకు. లైను మొదట్లో రెండో అక్షరం అన్నిచోట్లా "గ". మనకు బడిలో ప్రాస గురించి చెప్పారు కాబట్టి వెంటనే పట్టుకుంటాం. ఆ పట్టు తెలిసినవారు పాడేటప్పుడు ఆ అక్షరాన్ని ఎలా నిలబెడతారో, తెలియనివారు "గగనానికిలకు" అన్న మాటను గగనానికి, ఇలకు అని తెలియక ఎక్కడ విరిచేస్తారో చెప్పగలిగేది తెలుగు వచ్చినవారే. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గారి గ్రామఫోన్ రికార్డు ఈ పాటను ఎంతగా ప్రచారంలోకి తెచ్చిందో పాతతరం వాళ్ళు చెబుతారు. బాలమురళీకృష్ణ గారు పాడింది మనందరికీ తెలుసు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒక్క "ఖగరాజు" లైను మీదే రాసినా ఒక వ్యాసం అవుతుంది. దానికి చదివేవాళ్ళు ఏలూరులోనూ ఉంటారు, తిరుచిరాపల్లిలోనూ ఉంటారు, న్యూజెర్సీలోనూ ఉంటారు. అలాంటి వ్యాసం చివర సరళమైన ఇంగ్లీషులో ఒక పేరా పెడితే తప్పేమీ లేదని నా ఉద్దేశం. పాట అర్థం కావాలని వచ్చినవాళ్ళకు భాష అడ్డం కాకూడదు.

రాగాల సంగతి వేరే. రాగం పేరు చెప్పగానే సగంమంది చదవడం ఆపేస్తారు. ఆరోహణ, అవరోహణ రాసి, జన్యం, మేళకర్త సంఖ్య వేసి వదిలేస్తే మిగతా సగం కూడా ఆపేస్తారు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు అది ముందే తెలుసు, నేర్చుకోనివాళ్ళకు అది ఎందుకూ పనికిరాదు. నేను చేసేది ఇది. మోహన గురించి చెప్పాలంటే ముందు "లాహిరి లాహిరి లాహిరిలో" ఒకసారి మనసులో పాడుకోమంటాను. చిన్నప్పుడు సంగీతం క్లాసుకు వెళ్ళినవాళ్ళుంటే "నిన్నుకోరి" వర్ణం గుర్తు తెచ్చుకోమంటాను. రెండింటిలోనూ అవే అయిదు స్వరాలు అని అప్పుడు చెబుతాను. దీన్నే హిందుస్తానీలో భూప్ అంటారని కూడా అక్కడే చెప్పొచ్చు. అప్పుడు రాగం పేరు వాళ్ళకు తెలిసిన పాటకు అంటుకుని గుర్తుండిపోతుంది. "శివశంకరీ" వినే ప్రతివారికీ దర్బారీ కానడ తెలియాలని లేదు. కానీ ఆ పాటలో గాంధారం, అంటే "గ" స్వరం దగ్గర గొంతు అలా ఊగుతూ దిగడం వాళ్ళకు చెవితో తెలుసు. ఆ చోటు చూపించి, "దీన్నే దర్బారీ అంటారు" అంటే చాలు. ఇలా రాయడానికి శాస్త్రం తక్కువ తెలిస్తే సరిపోదు, ఎక్కువే తెలియాలి.

పేర్ల దగ్గర మాత్రం నేను రాజీ పడను. పాటల మీద రాసేవాళ్ళకు గౌరవం వచ్చేదీ పోయేదీ అక్కడే. "బ్రోచేవారెవరురా" త్యాగరాజ కృతి అని రాసేస్తుంటారు. అది మైసూరు వాసుదేవాచార్యులది. 1865లో పుట్టి 1961 దాకా జీవించిన ఆ మహానుభావుడు మైసూరు ఆస్థాన విద్వాంసుడు, ఖమాస్ రాగంలో ఈ కృతి చేశాడు. 1980లో వచ్చిన శంకరాభరణం వల్ల తెలుగు ఇంటింటికీ వెళ్ళింది. తెలుగు మాతృభాష కాని ఒక వాగ్గేయకారుడు తెలుగులో ఇంత గొప్ప కృతి రాస్తే, తెలుగువాళ్ళం ఆయన పేరు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఈ ఒక్క సంగతి సరిగ్గా రాసినా చదివేవాళ్ళు ఆగుతారు. తమకు తెలుసనుకున్న పాటలో తెలియనిది ఒకటి దొరికింది కాబట్టి.

సినిమా పాటల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. పాడినవారి పేరు అందరికీ తెలుసు. రాసినవారి పేరు కొందరికి తెలుసు. బాణీ కట్టినవారి పేరు ఇంకా కొందరికి. ఆ తర్వాత అంతా చీకటి. కె.వి.మహాదేవన్ గారు పాట రాయించుకున్నాకే బాణీ కట్టడానికి ఇష్టపడేవారని చదివే ఉంటారు. ఆయన పక్కన ఏళ్ళ తరబడి సహాయకుడిగా ఉన్న పుహళేంది గారి గురించి ఎంతమంది రాశారు? 1986 నాటి సిరివెన్నెలలో వినిపించే వేణువు హరిప్రసాద్ చౌరాసియా గారిదని తెలిసినవాళ్ళు ఉన్నారు, ఎందుకంటే ఆయన అప్పటికే దేశమంతా ఎరిగిన మనిషి. మిగతా వందల పాటల్లో వేణువు ఊదినవాళ్ళు, తబలా వాయించినవాళ్ళు, కోరస్‌లో నిలబడి పాడినవాళ్ళు ఎవరు? టైటిల్ కార్డుల్లో వాళ్ళకు చోటు దొరకలేదు. వాళ్ళ పేర్లు వెతికి రాస్తే ఏమవుతుందో నేను చూశాను. ఒక పాటలోని షెహనాయి గురించి రాస్తే, తన తాతగారు అలాంటి ఆర్కెస్ట్రాల్లో వాయించేవారని ఒక అమ్మాయి మెయిల్ రాసింది. ఆ ఇంట్లో అందరూ ఆ వ్యాసం చదివారు. వాళ్ళ బంధువులు చదివారు. తాతగారి దగ్గరున్న పాత ఫొటోల వెనక రాసిన పేర్లు నాకు పంపారు. ఆ పేర్లతో ఇంకో వ్యాసం తయారైంది.

తప్పు దిద్దేవాళ్ళను దూరం చేసుకోకూడదు. "మీరు రాసిన సంవత్సరం సరికాదండీ" అని ఎవరైనా రాస్తే, వెంటనే సరిచేసి, ఫలానావారు చెప్పారని వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో సహా వ్యాసంలోనే వేయాలి. అలా వేసిన చోటికి ఆ మనిషి జీవితాంతం వస్తాడు.

ఎప్పుడు రాయాలి అన్న దాని మీద నాది కాస్త విడ్డూరమైన అభిప్రాయం. డిసెంబరు 4 ఘంటసాల గారి జయంతి, ఫిబ్రవరి 11 వర్ధంతి. జూన్ 4 బాలు గారి పుట్టినరోజు. ఆ రోజుల్లో నేను ఏమీ రాయను. ఆ రోజు పత్రికలు, టీవీలు, ప్రతి ఫోనూ ఆ పేరుతోనే నిండిపోతాయి. అందరూ అవే పది పాటలు, అవే నాలుగు సంఘటనలు చెబుతారు. 2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయినప్పుడు వచ్చిన రాతల్లో నాకు ఇప్పటికీ గుర్తున్నవి ఆయన జీవితమంతా చెప్పినవి కావు, ఒక్క పాటను తీసుకుని ఆయన ఒక మాటను ఎలా పలికారో చెప్పినవే. అవి ఏ రోజు రాసినా నిలిచేవే.

జనానికి పాట నిజంగా అవసరమయ్యే రోజులు వేరే ఉన్నాయి. వాటిని మనం పట్టించుకోం. బతుకమ్మ తొమ్మిది రోజులు. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ పాడాలి. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక, ఊళ్ళలోనే కాదు, డల్లాస్‌లోనూ లండన్‌లోనూ పెద్ద ఎత్తున ఆడుతున్నారు. "ఉయ్యాలో" అని అందుకోవడం అందరికీ వచ్చు. ముందు చెప్పే లైన్లు వచ్చినవాళ్ళు తగ్గిపోయారు. ఆ వారం పది రోజుల ముందు నుంచీ వాళ్ళు వెతుకుతూనే ఉంటారు. అలాగే సంక్రాంతికి గొబ్బి పాటలు, శ్రావణ మాసంలో మంగళహారతులు, పెళ్ళిళ్ళ రోజుల్లో తలంబ్రాల పాట, అప్పగింతల పాట, బారసాలకు లాలి పాట. ఇవి కావలసినవాళ్ళకు వ్యాసం అక్కర్లేదు. పెద్ద అక్షరాల్లో సాహిత్యం కావాలి, వరస కావాలి. వరస తెలియకపోతే రాసిన పాట ఎందుకూ పనికిరాదు. అందుకే మీ అమ్మమ్మనో, మేనత్తనో కూర్చోబెట్టి ఒక్క చరణం ఫోన్‌లో రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి, కుక్కర్ దించాక మొదలుపెట్టండి, ఫోను ఒళ్ళో కాకుండా ఎదురుగా స్టూలు మీద పెట్టండి. ఆ గొంతు అరిగిపోయి ఉన్నా ఫర్వాలేదు, వరస సరిగ్గా ఉంటుంది. పండగకు నెల ముందే పెట్టేస్తే పండగ నాటికి దొరుకుతుంది. అది ఏ ఊళ్ళో అలా పాడతారో కూడా రాయాలి, ఎందుకంటే వరంగల్‌లో పాడే పాటకూ నిజామాబాద్‌లో పాడే పాటకూ లైన్లు మారవచ్చు. మారితే ఆ ఊరివాళ్ళు వెంటనే రాస్తారు, "మా దగ్గర ఇలా అంటాం" అని. మళ్ళీ అదే జరిగింది చూడండి, చదివేవారు చెప్పేవారయ్యారు.

ఊరి పేరుకు ఉన్న బలం నేను చాలా ఆలస్యంగా గుర్తించాను. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పారు. ఘంటసాల గారు అక్కడ చదువుకున్నారు. ఈ నాలుగు వాక్యాలు ఎక్కడ రాసినా విజయనగరం మనిషి ఆగి చదువుతాడు, బొబ్బిలిలో ఉన్నా బోస్టన్‌లో ఉన్నా. చిలకలూరిపేట చుట్టుపక్కల నాదస్వర సంప్రదాయం ఉంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 2020లో మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు పద్మశ్రీ వచ్చింది. దేవాలయంలో స్వామి సేవకు ముస్లిం కుటుంబాలు తరతరాలుగా వాయిస్తున్న ఈ నాదస్వరం గురించి తెలుగులో వివరంగా రాసినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఒక ఊరి మేళం గురించి, ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారు, ఏ గుడిలో ఏ సేవకు ఏ రాగం వాయిస్తారు అని రాయగలిగితే, దాన్ని ఆ జిల్లా మొత్తం చదువుతుంది. పెద్ద పెద్ద సంగీత దర్శకుల మీద వెయ్యిన్నొకటో వ్యాసం రాయడం కంటే ఇది మేలని నేను వాదిస్తాను.

సాహిత్యం మొత్తం పెట్టొచ్చా అని కొత్తగా రాసేవాళ్ళు అడుగుతుంటారు. ఇది తెలుసుకోవాల్సిన విషయమే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు, అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్ళు రక్షణ. సాహిత్యానికి, సంగీత రచనకు అలా కాదు, రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్ళు. కాబట్టి 1951 నాటి మల్లీశ్వరి పాటల పాత రికార్డుల గడువు ఎప్పుడో తీరిపోయినా, ఆ పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు 1980లో పోయారు కనుక సాహిత్యానికి 2040 చివరి దాకా రక్షణ ఉంటుంది. సాలూరి రాజేశ్వరరావు గారు 1999లో పోయారు, కాబట్టి బాణీకి 2059 చివరి దాకా. సమీక్షకు, విమర్శకు అవసరమైనంత ఉదహరించడానికి చట్టం అనుమతిస్తుంది. ఒక లైను తీసుకుని దాని మీద పేరా రాయండి, మొత్తం పాట దించేయకండి. నా అనుభవంలో ఇది రాతకు మంచే చేస్తుంది. మొత్తం సాహిత్యం పెట్టే సైట్లు వందలున్నాయి, వాటితో మనం పోటీ పడలేం. ఒక లైను గురించి మనలాగా చెప్పేవాళ్ళు లేరు. త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య, జానపదం, ఇక్కడ ఈ అడ్డంకే లేదు. కావలసినంత రాసుకోవచ్చు.

వాట్సాప్ గురించి ఒక్క ముక్క. లింకు పంపడం తప్పు కాదు, అందరికీ పంపడమే తప్పు. సన్నాయి మీద రాస్తే సన్నాయి అంటే ప్రాణమిచ్చే ముగ్గురికి విడివిడిగా, "మీకు ఇది నచ్చుతుందని పంపుతున్నాను, తప్పులుంటే చెప్పండి" అని రాసి పంపండి. వాళ్ళు చదివి ఇంకెవరికి పంపాలో వాళ్ళకే తెలుస్తుంది.

ఇక ఇప్పుడు నేను చేయాలనుకుంటున్న పని చెబుతాను. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, బాలమురళీకృష్ణ గారు వంటివారు అక్కడ పనిచేసిన రోజుల్లో భక్తిరంజని, లలిత సంగీతం ప్రతి ఇంటికీ చేరాయి. సినిమా పాటకు రికార్డు ఉంది, కాసెట్ ఉంది, టైటిల్ కార్డు ఉంది. రేడియో పాటకు చాలాసార్లు అవేవీ లేవు. పొద్దున్నే విన్నవాళ్ళ జ్ఞాపకం ఉంది, రేడియో పక్కన టేప్ రికార్డరు పెట్టి ఎవరో పట్టుకున్న కాసెట్ ఉంది. నా రాతలకు వచ్చే మెయిళ్ళలో ఎక్కువగా కనిపించే ప్రశ్నలు ఈ పాటల గురించే. ఒక్క లైను రాసి "ఇది ఎవరు పాడారు, ఎక్కడ దొరుకుతుంది" అంటారు. చాలావాటికి నా దగ్గర జవాబు లేదు. అందుకని ఇకపై వరసగా లలితగీతాల మీదే రాద్దామనుకుంటున్నాను, ఒక్కో వ్యాసం ఒక్కో పాట మీద, తెలిసినంత రాసి, తెలియనిది మిమ్మల్ని అడుగుతూ.

మీ ఇంట్లో అలాంటి కాసెట్లు ఉంటే ఒక మనవి. వెంటనే పెట్టి ప్లే చేయకండి. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉండవచ్చు. ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పండి. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు ప్లే చేస్తూ కంప్యూటర్లోకి ఎక్కించండి. రేడియో అనౌన్సరు మాటలు వస్తే కత్తిరించకండి. పాడినవారి పేరు, రాసినవారి పేరు, కేంద్రం పేరు ఉండేది ఆ నాలుగు మాటల్లోనే. ఎవరు రికార్డు చేశారో, ఏ ఊళ్ళో, సుమారుగా ఏ సంవత్సరమో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఫైలు పేరులోనే రాసేయండి. ఇవన్నీ రాసి పెట్టుకున్నాక నాకు పంపగలిగితే సంతోషిస్తాను. పంపడం కుదరకపోతే, ఆ వివరాలు కాసెట్ అట్ట మీదైనా రాసి ఉంచండి.